అడుగుకు అంగుళమున్నర

లోకంలో పిచ్చి లేని మనిషి లేడంటారు. కొందరు తపాలా బిళ్లలు పోగుచేస్తారు. కొందరు పాత కాసులు వెదుకుతారు. మా ఆవిడ మూతలున్న డబ్బాలు దాస్తుంది. ఏనాటికైనా పనికివస్తాయని ఆమె నమ్మకం. నేను చిన్న కార్లు దాస్తాను. అవి ఏనాటికీ పనికిరావని కూడా ఆమె నమ్మకమే.

మాది వాకాడు. స్వర్ణముఖి ఒడ్డున ఉన్న ఊరు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు మమ్మల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గాని, మా నోట నెల్లూరు మాట పోలేదు. మాకు దక్షిణాన శ్రీహరికోట. అక్కడ రాకెట్టు లేచిందంటే మా మిద్దెల మీదికెక్కి చూస్తాం. ఇటువంటి ఊళ్లో, ఉద్యోగాలు చాలించి ఇళ్లు చేరినవాళ్లం ముగ్గురం, సాయంకాలం మా అరుగు మీద కూర్చుని చిన్న కార్లను గూర్చి, వింత బండ్లను గూర్చి వాదించుకుంటూ ఉంటాం. దారిన పోయేవాళ్లు మేమేదో పొలం తగాదాలో ఉన్నామనుకుంటారు. అంత గట్టిగా సాగుతుంది మా చర్చ.

నా పక్షం మొదట చెప్పుకుంటాను. నాకు కావలసింది కొలత. బొమ్మ ఎంత చిన్నదైనా సరే, అసలు దానిలో ప్రతి అంగం ఎంతవంతు తగ్గాలో అంతే తగ్గాలి. చక్రం పెద్దదై తలుపు చిన్నదైతే అది పిల్లల బొమ్మేగాని నమూనా కాదు. అట్టపెట్టె మీద 1:43 అని వేస్తారు చూడండి, దానర్థం అటువంటివి నలభైమూడు వరసగా పేరిస్తే అసలు కారంత పొడవు వస్తుందని. మన అంబాసిడర్ కారు పొడవు సుమారు 4.3 మీటర్లు. ఆ లెక్కన బొమ్మ పది సెంటీమీటర్లు ఉండాలి. నా దగ్గరున్న దాన్ని స్కేలు పెట్టి కొలిచాను. సరిపోయింది. ఆ రాత్రి నాకు ఎంత సుఖంగా నిద్రపట్టిందో!

ఈ నలభైమూడు ఎక్కడినుంచి వచ్చిందని మీకు సందేహం రావచ్చు. దాని కథ ఇది. ఇంగ్లాండులో లివర్‌పూల్ పట్టణంలో ఫ్రాంక్ హార్న్‌బీ అనే ఆయన ఆట రైళ్లు తయారుచేసేవాడు. స్టేషనంటూ ఉన్నాక దాని ముందు నాలుగు కార్లు నిలబడకపోతే బోసిగా ఉండదూ? అందుకని రైళ్లకు తోడుగా పోతపోసిన చిన్న కార్లు తెచ్చారు. 1934 నుంచి వాటికి డింకీ అని పేరు వచ్చింది. అక్కడి ఆట రైళ్ల కొలత అడుగుకు ఏడు మిల్లీమీటర్లు. అడుగులో 304.8 మిల్లీమీటర్లున్నాయి. ఏడుతో భాగించండి, నలభైమూడున్నర వస్తుంది. రైలు కొలత కారుకు పట్టింది, రైలు పోయినా కొలత నిలిచింది. దానికి సగం కొలత, అడుగుకు మూడున్నర మిల్లీమీటర్లు, 1:87 అయింది.

అగ్గిపెట్టె కార్ల కథ ఇంకా ముచ్చటైనది. లండనులో లెస్నీ అనే కంపెనీలో జాక్ ఓడెల్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన కూతురు చదివే బడిలో, అగ్గిపెట్టెలో పట్టేటంత బొమ్మయితేనే తెచ్చుకోవచ్చునని నియమం. తండ్రి ఒక రోడ్డు రోలరును అగ్గిపెట్టెలో పట్టేటట్టు చేసి ఇచ్చాడు. అది చూసి బడిలో పిల్లలందరూ మాకు కావాలంటే మాకు కావాలన్నారు. 1953లో మ్యాచ్‌బాక్స్ అనే పేరుతో అవి బజారుకొచ్చాయి. 1956లో కోర్గీ వాళ్లు కిటికీలకు అద్దాలు పెట్టి అమ్మారు. 1968లో అమెరికా నుంచి హాట్‌వీల్స్ దిగి, చూపుకన్నా పరుగే ముఖ్యమన్నాయి. ఒక బడిపంతులు పెట్టిన నియమం, ఒక తండ్రి గారాబం కలిసి ఇంత వ్యాపారమయింది చూశారా!

ఇక మా బావ. మా అక్క మొగుడు. ఆయనకు కొలతలంటే పడదు. “తగ్గించడంలో ఏముందోయ్ బావా? జిరాక్సు మిషను కూడా తగ్గిస్తుంది. ఆకారం మార్చి నడిపించు, అప్పుడు మొగాడివంటాను” అంటాడు. ఆయన పక్షం వింత బండ్ల పక్షం. కూతురింటికి హైదరాబాదు వెళ్లినప్పుడు బహదూర్‌పురా దగ్గర సుధా కార్ల మ్యూజియం చూసి వచ్చాడు. అప్పటినుంచి ఆయన్ని పట్టడం కష్టమయింది. సుధాకర్‌గారు అక్కడ వంకాయ ఆకారంలో ఒక కారు, బూటు ఆకారంలో ఒకటి, క్రికెట్ బ్యాటు ఆకారంలో ఒకటి, కెమెరా ఆకారంలో ఒకటి చేసిపెట్టారు. ఊరికే చూపుకు కాదు, అవి నడుస్తాయి కూడాను. 2005లో ఆయన చేసిన మూడుచక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు. దాన్ని తొక్కి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. “నువ్వు తగ్గిస్తావు, ఆయన పెంచాడు. ఎవరు గొప్ప?” అని మా బావ ప్రశ్న.

ఆయన దగ్గర ఇటువంటి వింతలకు కొదవలేదు. 1910లో కలకత్తాలో మాథ్యూసన్ అనే ఇంగ్లీషు దొర ఇంగ్లాండులో హంస ఆకారంలో కారు చేయించి తెప్పించుకున్నాడు. జనం దారికి అడ్డంవస్తే హంస ముక్కునుంచి వేడినీటి ఆవిరి చిమ్మేది. జనం గగ్గోలెత్తితే పోలీసులు దాన్ని వీధిలోకి తీసుకురావద్దన్నారు. దరిమిలా నాభా మహారాజు దాన్ని కొన్నాడు. కొని ఊరుకోక, దానికి ఒక పిల్ల హంసను కూడా చేయించాడు. అది కరెంటు బ్యాటరీతో నడిచేది. ఇప్పుడు తల్లీ పిల్లా రెండూ హాలెండు దేశంలో లోమన్ మ్యూజియంలో ఉన్నాయి. “అక్కడ దొరికిపోయావు బావా, పిల్ల హంస అంటే తగ్గించిన నమూనాయే గదా!” అని నేనన్నాను. ఆయన వినిపించుకోక పీల్ కారు మీదికి దూకాడు. 1962లో వచ్చిన ఆ కారు పొడవు 54 అంగుళాలు. వెనక్కు నడిచే గేరు లేదు. వెనక ఒక పిడి ఉంటుంది. దిగి, పిడి పట్టుకుని, కారును ఎత్తి తిప్పుకోవడమే.

మూడో ఆయన లెక్కల అయ్యవారు. ముప్ఫయ్యేళ్లు బళ్లో లెక్కలు చెప్పారు. మాట తక్కువ. మేమిద్దరం అలిసిపోయాక ఆయన మొదలుపెడతారు. “మీరిద్దరూ పొడవు మాటే మాట్లాడుతున్నారు. బరువు సంగతేమిటి?” అన్నారు ఒకనాడు. మన పీఎస్‌ఎల్‌వీ రాకెట్టు ఎత్తు 44 మీటర్లు. బరువు సుమారు 320 టన్నులు. నూరోవంతు నమూనా చేస్తే ఎత్తు 44 సెంటీమీటర్లు అవుతుంది. మరి బరువో? నూరోవంతు కాదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నూరోవంతుకు తగ్గితే బరువు పదిలక్షలోవంతుకు పడిపోతుంది. 320 టన్నుల రాకెట్టు 320 గ్రాములకు దిగుతుంది. ఒక పూట కూరకు తెచ్చుకునే వంకాయలంత! కాని వస్తువు బలం దాని అడ్డుకొలతను బట్టి ఉంటుంది. అది పదివేలోవంతుకే తగ్గుతుంది. అంచేత చిన్న నమూనా తన బరువుకు ఎన్నడూ విరగదు. “చిన్నది నిలబడిందని పెద్దది నిలబడుతుందనుకోకూడదు. ఈ మాట గెలీలియో 1638లోనే పుస్తకంలో రాశాడు” అని ముగించారు అయ్యవారు. మేమిద్దరం కాసేపు నోరెత్తలేదు.

ఇంతవరకూ మా వాదులాటలు కాలక్షేపానికే. వేసవిలో అది కాస్తా ఇంటి వ్యవహారమయింది.

మా పెరట్లో కొట్టం ఉంది. కొట్టంలో మా నాయన 1974లో చేయించిన ఎద్దుల బండి ఉంది. నెల్లూరు గిత్తల పేరు బ్రెజిల్ దేశంలో కూడా వినబడుతుంది. ఇటునుంచి పోయిన జాతిని వాళ్లు నెలోరే అని పిలుస్తారు. మా కొట్టంలో మాత్రం ఎద్దులు పోయి ఇరవై ఏళ్లు దాటింది. బండి నొగలు దించి, కాడి గోడకానించి, ఒక మూల ఉండిపోయింది. మా తమ్ముడు కారు కొన్నాడు. కారుకు నీడ కావాలి, కొట్టం కొట్టేసి షెడ్డు వేద్దామన్నాడు. హైవే మీద భోజనశాల పెట్టిన వారెవరో బండి అలంకారానికి కావాలని మంచి ధర చెప్పారట. బండి ఉమ్మడిది. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు, సరేననడానికి నోరు రాలేదు.

మా బావను సలహా అడిగాను. “అమ్మెయ్. ఎద్దుల బండిలో వింతేముంది? ఊరికి నూరుండేవి” అన్నాడు. లోపలినుంచి మా అక్క గొంతు వినబడింది. “నన్ను కాపురానికి తీసుకుపోయింది ఆ బండిలోనే గదా. దోవలో మేకపిల్ల అడ్డమొస్తే మీరు దిగి తోలారు. మరిచిపోయినారా?” మా బావ కండువాతో మొహం తుడుచుకున్నాడు.

అప్పటికి బెంగుళూరు నుంచి మా మనవడు సెలవులకు వచ్చి ఉన్నాడు. ఎనిమిదేళ్లవాడు. ముంజెలు తిన్నాక ఖాళీ తాటికాయలు రెండు పుల్లకు గుచ్చి, పంగలకర్రతో తోసే బండి మా ఆవిడ వాడికి చేసి ఇచ్చింది. దాన్ని ఊరంతా తిప్పి, కొట్టంలోకి తోసుకుపోయి, అసలు బండిని చూసి నిలబడిపోయాడు. వచ్చి మా ముగ్గురి ముందు నిలబడి అడిగాడు:

“తాతా, అక్కడ పెద్ద చక్రాలదొకటుంది. దానికి ఇంజనేదీ? స్టీరింగు ఎక్కడ? ఇంత వింత బండి పెద్దతాత చూసిన మ్యూజియంలో కూడా లేదు గదా!”

మా బావ నా వంక చూశాడు. నేను అయ్యవారి వంక చూశాను. మాకు వంకాయ కారు వింత. ఎద్దుల బండి మామూలు. వాడికి వంకాయ కారు కూడా కారే. ఎద్దుల బండే వింత. వింత అనేది బండిలో లేదు, చూసేవాడు పుట్టిన సంవత్సరంలో ఉంది. నేను ముచ్చటపడి దాచుకున్న అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అదీ వాడికి వింతే. 1981లో మనవాళ్లు యాపిల్ అనే ఉపగ్రహాన్ని ఆకాశానికి పంపబోయే ముందు, దాని ఆంటెన్నా పరీక్షకు లోహపు లారీ అడ్డొస్తుందని ఎద్దుల బండి మీద ఎక్కించారు. ఆ ఫొటో చూసి ఆ రోజుల్లో ఉపగ్రహాన్ని చూసి ఆశ్చర్యపోయేవాళ్లం. మా మనవడు అదే ఫొటోలో బండిని చూసి ఆశ్చర్యపోయాడు.

అమ్మకం ఆపలేను. కాని బండి పోయేలోగా దానికి నమూనా చేయిద్దామని మేం ముగ్గురం మొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చాం. ఎవరు చేస్తారు? ఆ బండిని తండ్రితో కలిసి చేసిన ఆచారిగారు ఊళ్లోనే ఉన్నారు. ఎనభై దాటారు. కొడుకులు వేరే ఊళ్లలో వేరే పనులు చూసుకున్నారు. బండి పని లేక బాడిసె గూట్లోకి ఎక్కి చాలా ఏళ్లయింది.

కబురుపెడితే చేతికర్రతో వచ్చారు. బండి చుట్టూ ఒకసారి తిరిగారు. చక్రం మీద చెయ్యివేసి, “మా నాయన చెక్కిన కుండ ఇది. నేను ఆకులు చెక్కినాను” అన్నారు. తరువాత నావైపు తిరిగి, “ఎంతలో కావాలయ్యా?” అని అడిగారు.

నేను 1:43 అన్నాను. అయ్యవారు అర్థమయ్యేటట్టు చెప్పబోయారు. ఆచారిగారు మధ్యలోనే తల ఆడించారు. “అట్టా లెక్కెందుకు? అడుగుకు ఇంత అని చెప్పండి. అడుగుకు అంగుళమున్నర పెడదాం. అంతకన్నా చిన్నదైతే ఆకు కుండలో బిగియదు. బిగియంది తిరగదు. తిరగంది బండి కాదు” అన్నారు. అడుగుకు ఏడు మిల్లీమీటర్లని అక్కడ రైళ్ల వాళ్లనుకున్నదీ ఈ పద్ధతిలోనే గదా! అడుగుకు అంగుళమున్నర అంటే ఎనిమిదోవంతు. అయిదడుగుల చక్రం ఏడున్నర అంగుళాలు అవుతుంది.

రెండు రోజులు కొలతలు తీశారు. ఆచారిగారు చెబుతుంటే మనవడు నోటుపుస్తకంలో రాశాడు. మధ్యన కుండ. కుండలోనుంచి పన్నెండు ఆకులు. ఆకుల కొసలను కలుపుతూ ఆరు పూటీలు, పూటీకి రెండేసి ఆకులు. పూటీల చుట్టూ ఇనుప పట్టా. కుండలో దూరే ఇరుసు. చక్రం ఊడిపోకుండా ఇరుసు కొసన కడచీల. ముందుకు నొగలు, నొగల మీద కాడి. వాడు “ఆకులంటే లీవ్సా?” అని అడిగితే, “చెట్టుకు ఆకు ఎట్టనో చక్రానికి ఆకు అట్టనే నాయనా” అన్నారు ఆచారిగారు.

నమూనాకు నెలన్నర పట్టింది. చక్రానికి అసలు బండిలాగే నల్లతుమ్మ వాడారు. ఒక్కచోటే పని అడ్డం తిరిగింది. పట్టా ఎక్కించే విధం మీలో పాతవారికి తెలిసే ఉంటుంది. పట్టాను చక్రం చుట్టుకొలత కన్నా కాస్త బిగువుగా చేస్తారు. పిడకల మంటలో ఎర్రగా కాలుస్తారు. కాలితే అయిదడుగుల పట్టా చుట్టుకొలత ఇంచుమించు అంగుళం పెరుగుతుంది. పటకార్లతో పట్టి చక్రం మీద దించి నీళ్లు పోస్తారు. చల్లారి ముడుచుకుని, ఆకులనూ పూటీలనూ కుండనూ ఒక్కటిగా బిగిస్తుంది. మేకు అక్కర్లేదు. చిన్న పట్టా కూడా లెక్క ప్రకారం అంగుళంలో ఎనిమిదోవంతు పెరగాలి. పెరిగింది కూడా. కాని మంటలోనుంచి తీసి చక్రం దాకా తెచ్చేలోగా చల్లారిపోయింది. మూడుసార్లూ అంతే. అయ్యవారు సంబరంతో లేచి నిలబడ్డారు. “చూశారా! చిన్న వస్తువుకు ఒంట్లో వేడి తక్కువ, పైన చర్మం ఎక్కువ. అంచేత త్వరగా చల్లారుతుంది. గెలీలియో లెక్కకు తోబుట్టువు ఇది!” ఆచారిగారు నవ్వి, “పసిబిడ్డకు చలి ఎక్కువ గదయ్యా. అదే సంగతి” అని, చక్రాన్ని పొయ్యి పక్కకే తెచ్చి పెట్టుకుని నాలుగోసారి దించేశారు. పట్టా బిగిసిన చప్పుడు చిన్నగా వినబడింది. ఆయన చక్రాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి చూశారు. మళ్లీ కొట్టారు. అప్పుడు నవ్వారు.

అసలు బండి మరుసటి వారం వెళ్లిపోయింది. లారీ వచ్చింది. ఎద్దుల బండిని లారీ మీదికి ఎక్కించడం చూసి మా బావ, “బండి మీద బండి! ఇంతకన్నా వింత వాహనం మ్యూజియంలో కూడా లేదురా” అన్నాడు గాని ఆ మాటలో నవ్వు లేదు. ఆచారిగారు కొన్నవారిని అడిగి కడచీలలు రెండూ ఊడదీసుకుని, వాటి స్థానంలో కొత్త బోల్టులు వేశారు. “నిలబెట్టి చూపే బండికి ఇవి చాలు” అన్నారు. మా అక్క గడపలో నిలబడి లారీ మలుపు తిరిగేదాకా చూసింది.

చిన్న బండి విషయంలో మళ్లీ వాదన. నేను అద్దాల బీరువాలో, నా కార్ల మధ్య పెడదామన్నాను. మా బావ పక్కన చీటీ రాసి పెట్టమన్నాడు. మా ఆవిడ, “ఎవడు రాశాడో కొలతలు, వాడిది బండి” అన్నది. ఆచారిగారిని అడిగితే, “తిరగని చక్రం పుచ్చిపోతుందయ్యా” అన్నారు. ఆ సాయంకాలమే మనవడు దానికి తాడు కట్టి స్వర్ణముఖి ఇసుకలోకి లాక్కుపోయాడు. మూడో రోజున ఒక ఆకు విరిగింది. నా గుండె గుభేలుమంది. ఆచారిగారు మాత్రం పండగ వచ్చినట్టు సంతోషించారు. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, పట్టా ఎట్లా తీయాలో, పూటీ ఎట్లా విప్పాలో, విరిగిన ఆకు తీసి కొత్తది ఎట్లా దించాలో చేయించారు. వాడి వేలికి చిన్న దెబ్బ తగిలింది. వాడు ఏడవలేదు. నా బీరువాలో ఉన్న కార్లలో ఏ ఒక్కటి విరిగినా బాగుచేయడం మా ఇంట్లో ఎవరికీ రాదు. ఈ బండి విరిగితే బాగుచేయగలవాడు ఇప్పుడు ఇంట్లో ఒకడున్నాడు, సెలవుల్లోనైనా.

మీ ఇళ్లలో కూడా పాత బండో, గూటీ నాగలో, బావి గిలకో మూలన పడి ఉండవచ్చు. అన్నీ అట్టిపెట్టుకోమని నేను చెప్పను. చోటు చాలదు. కాని అమ్మేముందు ఒక పూట కేటాయించండి. టేపు తీసుకుని పొడవూ వెడల్పూ, చక్రం అడ్డం, ఆకుల లెక్క, చెక్క పేరు రాసిపెట్టండి. ఒక్కొక్క భాగాన్నీ ఏమంటారో ఇంట్లో పెద్దవారిని అడిగి పిల్లలచేత రాయించండి. కొలతా పేరూ ఉంటే వస్తువును మళ్లీ చేయవచ్చు. ఫొటో ఒక్కటే ఉంటే చూసి నిట్టూర్చవచ్చు, అంతే.

ఆ బండి సంగతి తెలిసి మా చుట్టుపక్కల ఊళ్ల వారు మాకూ ఒకటి కావాలని ఆచారిగారి దగ్గరకు వస్తున్నారు. ఆయన డబ్బు సంగతి తరువాత మాట్లాడదామని, ముందు ఒక్క షరతు పెడుతున్నారట: పక్కన కూర్చుని పని చూడడానికి ఆ ఇంటి పిల్లవాడో పిల్లో రావాలి. ఇంతవరకూ ఇద్దరు వచ్చారు. అందులో ఒకతె మా బావ మనవరాలు.